కాకెంగిలి

సోమవారం, మొదటి షిఫ్టు

తప్పు దొరికేదాకా రోజూ లాగ్ రాయాలని సేఫ్టీ ఆఫీసర్ లింగమూర్తి సారు ఆర్డరు. రాస్తున్నాను. ఎవరూ చదవరని తెలుసు కాబట్టి నోటికొచ్చినట్టే రాస్తాను.

పొద్దున క్యాంటీన్ వరుసలో ఒకాయన నేరుగా వచ్చి నన్ను గుద్దాడు. చాయ్ మొత్తం నా చీర మీద పడింది.

"కండ్లు కనవడ్తలేవా?" అని అరిచాను.

"ఒట్టక్కా, అద్దంల నువ్వు లేవు," అన్నాడు.

ఈ మధ్య ఎవర్ని కదిలించినా ఇదే మాట. వచ్చి గుద్దడం, నెపం అద్దం మీదికి తోసెయ్యడం. అద్దం పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. అందులో బొమ్మ గీసే ప్రోగ్రాం మా చూపుల సెక్షన్‌ది మరి. ఈ ఏడో గనిలో దీపం వెలిగిస్తే గ్యాస్ అంటుకుంటుంది. పైకి పోదామా అంటే ఎండ మనిషిని మిగల్చదు. అందుకని పసిపిల్లలతో సహా ఊరంతా కళ్లకు అద్దాలు పెట్టుకుని చీకట్లో కాపురం చేస్తోంది. గోడలకు పెట్టిన యంత్రాల చెవులు ప్రతిధ్వనులు వింటాయి, విన్నదాన్ని మేం బొమ్మగా గీస్తాం, జనం దాన్ని చూసుకుంటూ నడుస్తారు.

అసలు గొడవ శనివారం జరిగింది. మా ఓదెలు బావ, అంటే స్వరూపక్క మొగుడు, షాఫ్టులో మనుషుల కేజ్‌ను ఎక్కించి దించే వైండింగ్ డ్రైవర్. షాఫ్టు అడుగు ఖాళీగా ఉందని అద్దంలో చూసి కేజ్ దించాడు. అడుగున పట్టాల పని చేసే యాకూబ్ ఉన్నాడు. పట్టాల సందులో ఇరుక్కున్న రాయి పీకుతున్నాడు. చప్పుడుకి పక్కకు దూకాడు కానీ కుడి పాదం కేజ్ కింద పడి నలిగిపోయింది.

అద్దంలో మనిషి ఎందుకు కనపడలేదో తేల్చే పని నాకు అప్పజెప్పారు. శుక్రవారం ఎంక్వయిరీ. అప్పటికి జవాబు లేకపోతే బావ హ్యాండిల్ దగ్గర నిద్రపోయాడని రాసి మూసేస్తారు. నిద్రపోయినవాడన్న పేరొస్తే ఇక ఏ గనిలోనూ హ్యాండిల్ పట్టనివ్వరు. బావకు వేరే పని రాదు, వేరే పని అక్కర్లేదు కూడా.

ప్రోగ్రాం మీద పహరా పెట్టాను. పహరా కూడా ఒక ప్రోగ్రామే. మెమొరీలో ఏ గదిలో ఎవరు రాశారు, ఏ గదిని ఎవరు చదివారు అని కాపలా కాస్తుంది. ఎవరూ ఏమీ రాయని గదిని చదివితే అరుస్తుంది, ఎందుకంటే అక్కడ అంతకుముందు ఎవరో వదిలిపోయిన చెత్త ఉంటుంది. మా సెక్షన్‌లో దాన్ని ఎంగిలి అంటాం. ఒకరు తిన్న కంచంలో కడక్కుండా ఇంకొకరు తిన్నట్టే కదా.

మా ప్రోగ్రాంలో ఎంగిలి సున్నా. డ్రైవర్‌లో మాత్రం వేలకు వేలు. ఈ డ్రైవర్ అద్దాల కంపెనీవాళ్లు, ఊరందరి అద్దాలనూ నడిపే పెట్టెతోపాటు ఇచ్చిన ప్రోగ్రాం. చెవులు విన్నది మెమొరీలోకి చేరవేసేది అదే. మూతేసి సీలు కొట్టి ఇచ్చారు, లోపల ఏముందో చూడనివ్వరు. పహరా అరుస్తుంది. ఎక్కడమ్మా తల్లీ అని అడిగితే చోటు పేరుండాల్సిన దగ్గర మూడు ప్రశ్నార్థకాలు చూపిస్తుంది. ఆ ప్రశ్న నేను అడగాల్సింది!

కంపెనీకి ఒక ఫిర్యాదు పంపాను. లింగమూర్తి సారుకు ఒక్క ముక్కలో రిపోర్టు పంపాను: "మా వైపు శుభ్రం. తప్పంతా డ్రైవర్‌దే." నా పనైపోయిందని నిశ్చింతగా అన్నం తిన్నాను.

మంగళవారం, మొదటి షిఫ్టు

ఇంకా కుర్చీలో కూర్చోలేదు, మా అక్క సెక్షన్‌లోకి దూసుకొచ్చింది.

"ఏందే జమునా, మా ఆయిన నీకేం అన్నెం జేసిండే?"

"నేనేం జేసిన అక్కా?"

"తప్పంత డ్రైవర్‌దే అని రాసినవంట గదా! ఊరందరి అద్దాలల్ల నోటీసు వచ్చింది. కూరగాయల దుకాణంకాడ నా మొకం మీదనే సదువుతున్నరు. సొంత మరదలే రాసిందంట అని నవ్వుతున్నరు!"

నా అద్దంలోకీ వచ్చింది ఆ నోటీసు. "ప్రమాదానికి తప్పంతా డ్రైవర్‌దేనని చూపుల సెక్షన్ ధ్రువీకరించింది." కింద లింగమూర్తి సారు సంతకం. పైన, నా ఖర్మ, బావ బొమ్మ.

"అక్కా, డ్రైవర్ అంటే బావ గాదే. కంపెనీ డ్రైవర్."

"నీ బావ కంపెనీ డ్రైవర్ గాదా మరి? ప్రైవేటుగ కేజ్ నడుపుతున్నడా?"

ఎంత చెప్పినా వినలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే నేనూ వినను. ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆమె ఏడుపు చూస్తే నాకూ ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది, ఆ కోపంతోనే లింగమూర్తి సారు గదికి వెళ్లాను.

"సార్, నేను రాసిన డ్రైవర్ మనిషి గాదు సార్. ప్రోగ్రాం."

"మరి డ్రైవర్ అని ఎందుకు రాసినవమ్మా? ప్రోగ్రాం అని రాయాలె."

"దాని పేరే డ్రైవర్ సార్."

"పేరు మార్చుమను."

"ఎవరిని సార్?"

"గనిల డ్రైవర్ అంటే డ్రైవరే అమ్మా. ఎంక్వయిరీ అయ్యేదాంక నోటీసు వాపసు తీసుకునే రూలు లేదు. నీ సెక్షన్ శుభ్రంగున్నది గదా, నీకెందుకు పరేషాన్?" అని గోడవైపు వేలు చూపించాడు. సేఫ్టీ నెలలో ఆయన సాధించిన ఘనకార్యం అక్కడ చెక్క మీద చెక్కి ఉంది. చెవులకు అందాలని అక్షరాలు లోతుగా చెక్కించుకున్నాడు: "చూపుల సెక్షన్ – ఎంగిలి సున్నా."

ఆ సున్నా ఎలా వచ్చిందో మా అందరికీ తెలుసు. అంతకుముందు మా ప్రోగ్రాంలోనూ పహరా వేలల్లో అరిచేది. ఎన్నేళ్లు అరిచినా ఎవరికీ ఏమీ కాలేదు. ఈయన పదవిలోకి వచ్చాడు. ఎంగిలి అన్న మాట విని మొహం ముడుచుకున్నాడు. "చీ చీ, ఎంగిలి ఉంచుకుంటరా ఎవలన్న? కడగండ్రి!" అన్నాడు. చదవబోయే ముందు ప్రతి గదినీ కడిగేసే ఒక వరుసను, అంటే ఒక ఆదేశాన్ని, ప్రోగ్రాంలో చేర్చాం. పహరా నోరు మూసుకుంది. సారుకు పై అధికారుల నుంచి మెచ్చుకోలు వచ్చింది. మాకు తలా ఒక స్టీలు గ్లాసు ఇచ్చారు.

తిరిగొచ్చేసరికి అద్దాల కంపెనీ జవాబు వచ్చి ఉంది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి పెట్టెను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి."

పెట్టె ఆపితే ఏడో గని మొత్తం గుడ్డిదవుతుంది. నడుస్తున్నవాళ్లు, వండుతున్నవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, అందరూ. ఈ సంగతి మర్యాదగా రాసి పంపాను. మర్యాద కుదరడానికి మూడుసార్లు కొట్టేసి రాయాల్సి వచ్చింది.

బుధవారం, మొదటి షిఫ్టు

తల ప్రాణం తోకకొచ్చింది.

పక్క సీటు సుదర్శన్‌ను షాఫ్టుకు అడ్డంగా ఉన్న ఇనుప జాలీకి ఇవతల, కేజ్ తగలని చోట నిలబెట్టి, కేజ్ కదులుతున్నప్పుడు అద్దంలో చూశాను. ఉన్నాడు, ఉన్నాడు, మాయం! గుటక వేసేంత సేపు లేడు. మళ్లీ వచ్చాడు. దొరికిందిరా దొంగ అనుకుని పహరా పెట్టి మళ్లీ చూశాను. పహరా పెడితే ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది. ఆ నడకలో సుదర్శన్ ఒక్కసారి కూడా మాయం కాలేదు. పహరా తీసేస్తే మాయం. పెడితే హాజరు. ఇలా ఆడుకుని ఆడుకుని కడుపు మాడింది.

"జమునక్కా, నేనింక ఎంతసేపు నిలవడాలె?" అని సుదర్శన్ గొడవ.

"నువ్వు లేవని తేలేదాంక," అన్నాను.

తర్వాత ఇంకో ఉపాయం చేశాను. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే మెమొరీ గదులన్నిటినీ పసుపు రంగుతో నింపాను. మనిషి మాయమైన చోట ఎంగిలి చదువుతున్నామంటే పసుపు కనపడాలి కదా. సుదర్శన్ మాయమయ్యాడు. పసుపు లేదు. పాత చెత్త కూడా లేదు. అతనున్న చోట ఖాళీ, అతని వెనకున్న గోడ మాత్రం చక్కగా కనపడుతోంది. గోడలు ఎప్పుడో కొలిచి దాచిన పటం నుంచి గీస్తాం, మనుషుల్ని మాత్రం అప్పటికప్పుడు విన్న చప్పుడు నుంచి గీస్తాం. అంటే చప్పుడు రాలేదు. వచ్చినా చేరలేదు. ఎంగిలీ కాదు, వడ్డనా లేదు. తోమి బోర్లించిన కంచంలా ఉంది మెమొరీ. ఇదేం పీడరా నాయనా!

కంపెనీ నుంచి రెండో జవాబు: "మా డ్రైవర్‌లో లోపం లేదని పరీక్షించి నిర్ధారించుకున్నాం. లోపలి పనితీరు మా వ్యాపార రహస్యం. ధన్యవాదాలు."

వాళ్లు ఏ గనిలో పరీక్షించారో, ఎవర్ని కేజ్ కింద నిలబెట్టి నిర్ధారించుకున్నారో అడగాలనిపించింది. అడగలేదు. ఇంటికెళ్లి నా అద్దం తీసి మంచం మీదికి విసిరికొట్టాను. అది మంచం మీద పడిందో లేదో కనపడక కాసేపు తడుముకున్నాను.

గురువారం, రెండో షిఫ్టు

రేపే ఎంక్వయిరీ. చేతిలో ఏమీ లేదు. మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లాను. రమ్మని పిలవలేదు, పొమ్మని కూడా అనలేదు. నాతో మాట్లాడకుండానే అన్నం పెట్టింది. నాకు చాలదని తెలిసి రెండోసారి కూడా పెట్టింది, అప్పుడూ మాట్లాడలేదు.

బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. హ్యాండిల్ పట్టే కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు.

"నేను పండుకోలే మరదలా," అన్నాడు.

"నాకెర్క బావా."

"ఎర్కుంటే ఏం లాభం? యాకూబ్ పెండ్లాం నా దిక్కు చూస్తలేదు. ఆమె తప్పు లేదు. రేపు వాళ్లు పండుకున్నవు అంటే నేను కాదనలేను గద. ఆడ మనిషి ఉన్నడు, నాకు కనపడలే. అద్దం తప్పని ఎట్ల జెప్పాలె? అది మీ చెయ్యి గీసిన బొమ్మనాయె."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. బావకు నా మీద కోపం రాదు, అదే పెద్ద బాధ. కోప్పడితే నేనూ నాలుగు అరిచి తేలికపడేదాన్ని.

ఆయన చేతిలో బెల్లం ముక్క ఒకటే ఉంది. భుజం మీది తువ్వాలు కొంగులో దాన్ని చుట్టి, బట్ట మీదనుంచే పటుక్కున కొరికి, సగం నాకు చాపాడు.

"ఎంగిలి గాదు. కాకెంగిలే. తిను."

కాకిని మేమెవరం చూడలేదు. పైన ఎగిరేదట. అయినా ఈ గనిలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు, బట్టలో పెట్టి కొరికితే నోరు తగల్లేదు కాబట్టి అది ఎంగిలి కాదని. చూసేవాడికి కొరికినట్టే ఉంటుంది. తినేవాడికి దోషం లేదు.

బెల్లం నోట్లో వేసుకున్నాను. చప్పరించడం మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందే? రాయొచ్చిందా?" అక్క రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"అక్కా, అది ఎంగిలి గాదే! నిండు కంచమే అది! నిండు కంచాన్ని తీసుకపోయి కడుగుతున్నం!"

"దీనికి మతి పోయింది," అంది అక్క బావతో. నేను అప్పటికే వాకిలి దాటాను.

ఇప్పుడు సెక్షన్‌లో కూర్చుని రాస్తున్నాను. సంగతి ఇది. పహరాకు తెలిసింది ఒక్కటే దారి, మా ప్రోగ్రాం దారి. డ్రైవర్ ఆ దారిన రాదు. చెవులు విన్నదాన్ని పెట్టె వెనక తలుపు నుంచి నేరుగా మెమొరీ గదిలోకి వడ్డించి పోతుంది. వడ్డించిన చెయ్యి పహరాకు కనపడదు. ఎవరూ వడ్డించని కంచంలో తింటున్నారు, ఎంగిలి, ఎంగిలి అని అరుస్తుంది. ఆ అరుపు నమ్మి, రోతపడి, మేం కడిగే వరుస చేర్చాం.

మామూలుగా మేం ముందు కడుగుతాం, డ్రైవర్ తర్వాత వడ్డిస్తుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. కేజ్ కదిలినా, క్యాంటీన్లో జనం గుమిగూడినా చెవులకు చప్పుళ్లు ముంచుకొస్తాయి. అప్పుడు డ్రైవర్ తొందరపడి ముందే వడ్డిస్తుంది. మేం వెనకనుంచి వచ్చి, వడ్డించిన మనుషుల్ని శుభ్రంగా కడిగేస్తాం. పహరా పెట్టినప్పుడు అన్నీ నెమ్మదిస్తాయి కాబట్టి ముందు వెనకలు తారుమారు కావు. అందుకే దొరకలేదు.

డ్రైవర్‌లో లోపం లేదన్న కంపెనీవాళ్ల మాట నిజమే. ఒళ్లు మండిపోతోంది కానీ నిజమే. వెనక తలుపు సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

లింగమూర్తి సారు దగ్గరికి పరుగెత్తి, కేజ్ ఆపించమన్నాను.

"ఎంగిలి కడిగితె మనుషులు మాయమైతరా? శుభ్రం జేసుడు తప్పంటవా?" అన్నాడు.

"శుభ్రం తప్పు గాదు సార్. అన్నం పెట్టినంక కంచం కడుగుడు తప్పు."

"రేపు ఎంక్వయిరీల చెప్పుకో. కేజ్ ఆపే అధికారం నాకు లేదు."

కేజ్ ఆపే అధికారం నాకూ లేదు. కడిగే వరుస తీసెయ్యడానికి మాత్రం ఎవర్నీ అడగనక్కర్లేదు. ఊరందరి అద్దాల్లోంచీ తీసేశాను. సుదర్శన్‌ను మళ్లీ జాలీ ఇవతల నిలబెట్టాను. కేజ్ ఎన్నిసార్లు దిగినా, ఎక్కినా ఉన్నాడు. ఎవరూ ఎవర్నీ గుద్దుకోకుండా రెండో షిఫ్టు మారింది. పహరా మాత్రం మా ప్రోగ్రాంలో మళ్లీ వేలల్లో అరుస్తోంది. అరవనీ.

శుక్రవారం, మొదటి షిఫ్టు

ఎంక్వయిరీ మేనేజరమ్మ గదిలో మొదలైంది. లింగమూర్తి సారు నా రిపోర్టు చదివి వినిపించాడు: తప్పంతా డ్రైవర్‌దే. గదిలో అందరి తలలూ బావ వైపు తిరిగాయి. ఆ తర్వాత, నిన్న సాయంత్రం నుంచి చూపుల సెక్షన్‌లో ఎంగిలి సున్నా నుంచి వేలకు చేరిందనీ, అది నేను కావాలని చేసిందేననీ చెప్పాడు. ఇప్పుడు తలలన్నీ నా వైపు తిరిగాయి.

"ఏమమ్మా, నువ్వు డ్రైవర్‌ది తప్పంటివి గదా?" అంది మేనేజరమ్మ.

"డ్రైవర్ తప్పు గాదమ్మా. ఈ డ్రైవర్‌దీ గాదు, ఆ డ్రైవర్‌దీ గాదు. మాది. నోటితోని చెప్తే మళ్ల ఇంకో నోటీసు అంటిస్తరు. అందరు షాఫ్టుకాడికి రాండ్రి."

వచ్చారు. కడిగే వరుసను మళ్లీ పెట్టాను, అది కూడా వాళ్లు పెట్టుకున్న అద్దాల్లో మాత్రమే. యాకూబ్ కర్ర ఊతంతో వచ్చాడు. శనివారం తను ఉన్న చోటే నిలబడతానన్నాడు.

హ్యాండిల్ పట్టమని మేనేజరమ్మ బావకు చెప్పింది. బావ పట్టలేదు.

"యాకూబన్న జాలీ ఇవతలికి రావాలె. కేజ్ అడుగుదాంక దించ, మధ్యలనే ఆపుత. అట్లయితెనే ముట్టుత."

"ఏం కాదు ఓదెలూ," అన్నాడు యాకూబ్.

"నీకు కాదు, నాకైతది," అన్నాడు బావ.

యాకూబ్ జాలీ ఇవతలికి వచ్చి, అందరి ఎదురుగా, కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. బావ ఇంజన్ గదిలోకి వెళ్లాడు. కేజ్ కదిలింది. తాళ్ల రొద షాఫ్టు నిండా నిండింది. ఒకసారి దిగింది, ఏమీ కాలేదు. లింగమూర్తి సారు గొంతు సవరించుకున్నాడు. రెండోసారీ ఏమీ కాలేదు. దేవుడా, రోజూ మనుషుల్ని మాయం చేసే ఈ తప్పు, చూపించాల్సినప్పుడే బాగవుతుందా అని మనసులో బూతులు తిట్టుకున్నాను.

మూడోసారి కేజ్ దిగుతుండగా లింగమూర్తి సారు ఒక్క కేక పెట్టాడు.

"యాకూబ్! ఓ యాకూబ్! ఎటు వోయినవయ్యా!"

చెయ్యి చాపి గాల్లో తడుముకున్నాడు. మేనేజరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. సారు చెయ్యి వెళ్లి యాకూబ్ ఛాతీకి తగిలింది. తగిలిన చోటే ఉండిపోయింది.

"ఈడనే ఉన్న సార్," అన్నాడు యాకూబ్. "శనివారం గూడ ఈడనే ఉన్న."

శనివారం, మొదటి షిఫ్టు

ఊరందరి అద్దాల్లో కొత్త నోటీసు వచ్చింది. ఓదెలు నిద్రపోలేదని మూడు వాక్యాల్లో రాశారు. యాకూబ్ పాదం సంగతి ఒక వాక్యంలో రాశారు. ఆ పాదం ఇక మునుపటిలా కాదు. దానికి ఏ వరుస తీసేసినా లాభం లేదు. పొద్దున అక్క యాకూబ్ ఇంటికి వెళ్లి అతని భార్య పక్కన చాలాసేపు కూర్చుని వచ్చిందట.

లింగమూర్తి సారు గోడ మీది చెక్క తీయించాడు. నన్ను పిలిచి, తలొంచుకుని అడిగాడు.

"ఎంగిలి వేలల్ల ఉన్నది. పైకి రిపోర్టుల కారణం ఏమని రాయాలె?"

"కాకెంగిలి అని రాయండ్రి సార్."

"అదేం మాటమ్మా, పైనోళ్లకు తెలుస్తదా?"

"డ్రైవర్ అన్న మాటకంటె మంచిగ తెలుస్తది."

రాసుకున్నాడు. కంపెనీ నుంచి కూడా ఒక ఉత్తరం వచ్చింది. సమస్య పరిష్కారమైనందుకు సంతోషమట. తమ సేవకు ఎన్ని నక్షత్రాలిస్తానో చెప్పమన్నారు. ఈ గనిలో ఎవరూ ఎన్నడూ నక్షత్రం చూడలేదని రాసి పంపాను.

తర్వాత షాఫ్టు దగ్గరికి వెళ్లి, మొదటి కేజ్‌లో ఎక్కి నిలబడ్డాను. ఇంజన్ గది నుంచి గొట్టంలో బావ గొంతు వచ్చింది.

"మరదలా, మంచిగ కనవడ్తున్నవ్. చీర మీద చాయ్ మరక గూడ కనవడ్తున్నది. జర ఉతుక్కోరాదు?"

చప్పుడుతో గీసిన బొమ్మలో మరక కనపడదు. ఆ చాయ్ సంగతి, నిన్న మళ్లీ మాటలు కలిశాక, అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను. సోమవారం నుంచి ఉతకని చీర కొంగుతోనే కళ్లు తుడుచుకుని, దించు బావా అన్నాను.